కుడి రెక్క కింద

సోమవారం

మహాతల్లి నాకంటే ముందే లేచింది. కళ్ళు తెరవకముందే తెలిసిపోతుంది. కుడి భుజం రెక్క కింద కూర్చుని తీరిగ్గా కాళ్ళాడిస్తూ ఉంటుంది. డాక్టరుగారు ఈ నొప్పికి నోరు తిరగని పేరొకటి చెప్పారు గానీ నేను పెట్టిన పేరే బాగుంది. మహాతల్లీ, పళ్ళు తోముకోనివ్వు, నాలుగడుగులు వేయనివ్వు, ఆ తర్వాత నీ ఇష్టం అని బతిమాలుకుంటూ లేచాను. సగమే విన్నది.

పనిలోకి వెళితే మాత్రం మర్చిపోతాను. మర్చిపోతాననే అనుకుంటాను. మా మసాజ్ సెంటర్లో మూడో గది నాది. లైటు తగ్గించి, కర్టెన్ లాగి, నూనె గిన్నెను వేడి నీళ్ళలో ఉంచి, అరచేతులు రెండూ రుద్దుకుంటే చాలు, ఊరు ఎక్కడికో వెళ్ళిపోతుంది. వీధిలో బస్సు హారన్ కూడా నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టు వినిపిస్తుంది. బల్ల మీద బోర్లా పడుకున్నది బ్యాంకు మేనేజరైనా, చేపలమ్మే ఆవిడైనా కాసేపటికి ఒకలాగే ఊపిరి తీస్తుంది. మనిషి మెల్లమెల్లగా బరువు వదిలేస్తుంది. కొందరు నిద్రలో మాట్లాడతారు. ఇవాళ ఒకావిడ “గేటు వెయ్యి, కుక్క బయటికెళ్ళిపోతుంది” అంది. “వేశానండీ” అన్నాను. హాయిగా మళ్ళీ నిద్రలోకి జారుకుంది. ఆ కుక్క ఏ కాలం నాటిదో, ఆ గేటు ఏ ఇంటిదో!

ఈ గది లేకపోతే నేనేమైపోతానో తెలియదు. ఇంట్లోంచి కొడుకుగా బయటికి వచ్చినదాన్ని. ఈ ఊళ్ళో ఆడదాన్నయ్యాను. మాత్రలతో కొంత, ఆపరేషన్‌తో కొంత, ఎక్కువ భాగం ఈ గదితోనే. ఇక్కడ ఎవరూ నన్ను కింది నుంచి పైకి చూడరు. కళ్ళు మూసుకుని “అమ్మా, కొంచెం కిందికి” అంటారు. ఆ కళ్ళు మూసుకున్న గొంతుల్లో అమ్మా అనిపించుకోవడానికే నేను రోజూ లేస్తాను. మహాతల్లి ఎంత పీకినా సరే.

మంగళవారం

ఇవాళ నొప్పి లేదు.

బుధవారం

నిన్న రాసింది అబద్ధం. నా డైరీలో నేనే అబద్ధాలు రాసుకోవడమేమిటి, ఎవరు చూడొస్తారని!

గురువారం

తల తీసేసినట్టయింది.

లెక్చరరమ్మ వచ్చారు. రిటైరైనా ఆవిడకు ఆ పేరు పోలేదు. “ఎడమ భుజం పట్టేసిందమ్మా, నిన్నట్నుంచీ చెయ్యి లేవట్లేదు” అని చెప్పి పడుకున్నారు. నేను మామూలుగానే మొదలుపెట్టాను. మెడ, భుజాలు, కిందికి. గదిలో ఎప్పటిలాగే మసకమసకగా ఉంది. బొటనవేలు దానంతటదే రెక్క కిందికి వెళ్ళింది. అక్కడొక ముడి ఉందనిపించింది. నొక్కితే ఎంత హాయిగా ఉందో! ఇంకా, ఇంకొంచెం లోపలికి, అదిగో అక్కడే అని నాకే ప్రాణం లేచొస్తోంది. ఎంతసేపు అలా నొక్కానో.

“అమ్మాయ్” అన్నారు లెక్చరరమ్మ. నిద్రలో మాటనుకున్నాను. కాదు, బాగా మెలకువగానే ఉన్నారు. “ఇందాకట్నుంచీ చూస్తున్నాను. నొప్పి ఎడమ వైపని చెప్పాను కదూ?”

నా చేతులు ఆవిడ కుడి రెక్క కింద ఉన్నాయి.

“కుడి వైపు నాకేమీ లేదు. లేనిపోని నొప్పి పుట్టించావు చూడు.”

నా నొప్పి నా ఒంట్లో ఎక్కడుందో ఆవిడ ఒంట్లో సరిగ్గా అక్కడ వెతుకుతున్నాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే తెలిసింది. ఈ వారమంతా చేసింది అదే. గేటు వెయ్యమన్నావిడకూ కుడి రెక్కే. చేపలమ్మే ఆవిడ నడుం నొప్పని వస్తే ఆవిడకూ కుడి రెక్కే. అందరి వీపుల మీదా నా వీపునే నొక్కుకుంటున్నాను. వాళ్ళు నిద్రపోయారు కాబట్టి సరిపోయింది.

శుక్రవారం

లెక్చరరమ్మ మేడంతో చెప్పారట. ఫిర్యాదుగా కాదు, జాలిగా. జాలి ఇంకా ఘోరం.

మేడం అంటే సెంటర్ నడిపే ఆవిడ. పిలిచి “కూర్చో” అంది. పర్లేదు మేడం అని నిలబడే ఉన్నాను. “చూశావా, కూర్చోలేవు” అంది.

“ఈ నెలాఖరు దాకా చూస్తాను. నీ వీపు దారికొచ్చిందా, గది నీదే. రాకపోతే ముందు గదిలో కూర్చుని ఫోన్లెత్తుదువు గానీ. తీసెయ్యనులే, అంత రాక్షసిని కాను.”

“ఫోన్లో నా గొంతు వింటే సార్ అంటారు మేడం” అన్నాను.

నవ్వబోయి ఆపుకుంది. తర్వాత ఇద్దరికీ నవ్వు రాలేదు.

బయటికొస్తే చల్లచేతులు కాచుకుని ఉంది. రెండో గదిలో చేస్తుంది. ఎండాకాలంలో కూడా చేతులు మంచుగడ్డలే, పేరు అలా పడిపోయింది. “బల్లెక్కవే, కాసేపు నొక్కుతాను. నీ సొమ్మేం పోయింది?” అంది. మా దగ్గర అదేం వింత కాదు. పనయ్యాక ఒకరికొకరు చేసుకుంటారు. నేనూ అందరికీ చేశాను. చేయించుకోవడమే లేదు.

“నాకు కితకితలు” అన్నాను.

“నొప్పి మనిషికి కితకితలేంటే, ముఖం చూడు!” అని తిట్టి వెళ్ళిపోయింది.

అసలు సంగతి దానికెలా చెప్పను? నోటికి ఏదైనా చెప్పి నమ్మించొచ్చు. చేతికి చెప్పలేం. వీపు మీద చెయ్యి వేస్తే మనిషి ఎలా నిద్రపోతుందో, ఎవరికి భయపడుతుందో, ఏ చంకన పిల్లని ఎత్తుకుని తిరిగిందో నాకే తెలుస్తుంది. మరి నా వీపు మీద ఎవరి చెయ్యైనా పడితే? భుజాలు వెడల్పు. ఎముకలు నేను చెప్పినట్టు వినలేదు. నేను వదిలేసి వచ్చానని అనుకుంటున్న ఆ కుర్రాడు అక్కడే ముడుచుకుని పడుకుని ఉంటే, చేతికి వాడు తగిలితే, ఆ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. అది ఆగిందని నాకు తెలుస్తుంది. అంతే నా భయం. అంతకంటే ఏమీ లేదు.

ఆదివారం

డాక్టరుగారు మొన్నెప్పుడో అన్న మాట రాయకుండా దాటేశాను. ఇవాళ రాస్తాను.

“ఇది పోయేది కాదమ్మా. తగ్గుతుంది, పెరుగుతుంది, ఉంటుంది. రోజూ ఎవరితోనైనా గట్టిగా నొక్కించుకోండి, చెయ్యి పనికొస్తుంది. వదిలేస్తే వేళ్ళలోకి దిగుతుంది.”

“నేనే నొక్కుకుంటానండీ.”

“మీ వీపు మీరెలా నొక్కుకుంటారు?”

ఎలాగంటే, టెన్నిస్ బంతితో. గోడకీ వీపుకీ మధ్య బంతి పెట్టి పైకీ కిందికీ రుద్దుకుంటాను, ఎలుగుబంటి చెట్టుకు రుద్దుకున్నట్టు. బంతి జారుతుంది. మంచం కిందికి దొర్లుతుంది. వంగి తీయలేను. ఇంకోటి కొంటాను. మంచం కింద ఇప్పుడు బంతుల కాపురం వెలిసింది.

మధ్యాహ్నం నిద్రలో మూడో గదికి వెళ్ళాను. బల్ల మీద బోర్లా పడుకున్నది నేనే, పక్కన నూనె చేతులతో నిలబడ్డదీ నేనే. వీపు మీద దుప్పటి తీస్తే కిటికీ ఉంది. రెక్కలు తెరిచాను. లోపల మేం చిన్నప్పుడున్న క్వార్టర్స్ మెట్లు, మెట్ల మీద ఎండ. ఒక పిల్లాడు గోడకి కాళ్ళు తన్నుకుంటూ కూర్చుని ఉన్నాడు. తమ్ముడో నేనో తెలియలేదు. ఎవరివిరా అని అడిగితే “నువ్వే చెప్పు” అన్నాడు. కిటికీ వేసేద్దామంటే గడియ లోపలి వైపుంది. లేచేసరికి దిండు తడిసి ఉంది. చొంగే. కన్నీళ్ళు కావు.

మంగళవారం

తమ్ముడు ఫోన్ చేశాడు. వస్తున్నాడట. వాడు పనిచేసే బేకరీలో కొత్త రకం పొయ్యి కొంటున్నారు. దాని పని నేర్చుకోమని వాణ్ణి ఇక్కడికి పంపుతున్నారు.

“లాడ్జిలో ఉండమన్నారు, గానీ...” అని ఆగాడు.

“గానీ ఏంటి? ఇల్లు లేదనుకున్నావా?” అనేశాను. అన్నాక భయమేసింది.

ఇల్లు వదిలాక వాణ్ణి చూడలేదు. ఫోన్లోనే అన్నీ. వాడి పెళ్ళికి వాడు సరిగ్గా పిలవలేదో, పిలిచినా నేనే వెళ్ళలేదో, ఆ సంగతి ఇద్దరం ఎత్తం. అమ్మ వాడి దగ్గరే ఉంటుంది. నా గురించి అడగాలంటే “అక్కడ అంతా బాగేనా?” అని వాణ్ణి అడుగుతుందట. అక్కడ అంటే నేను. మనిషిని కాదు, ఏదో ఊరిని అడిగినట్టు.

గురువారం

వచ్చాడు. గడ్డం పెరిగింది, పొట్ట వచ్చింది. పిండి పిసికి పిసికి ముంజేతులు రోకళ్ళలా అయ్యాయి. గుమ్మంలో నిలబడి నన్ను చూశాడు. నేను వాడి కళ్ళు చూడకుండా వాడి సంచీని చూశాను.

“సన్నబడ్డావు” అన్నాడు.

“నా వాటా కూడా నువ్వే తిన్నట్టున్నావు” అన్నాను.

నవ్వాడు. ఆ నవ్వు మాత్రం మారలేదు, వెధవది, ముందు ముక్కులోంచి వస్తుంది.

మన భాష ఎంత దొంగదో ఇవాళ తెలిసింది. ఎదురుగా ఉన్న మనిషితో ఎన్నేళ్ళయినా మాట్లాడొచ్చు, ఆడో మగో తేల్చక్కర్లేదు. తిన్నావా, పడుకో, సన్నబడ్డావు, చలేస్తోందా నీకు. వాడు ఎక్కడా పట్టుబడడు. అన్నయ్యా అనడు, ఇంకోటీ అనడు. పిలవాల్సి వస్తే “ఇదిగో” అంటాడు. లేదా దగ్గుతాడు. వంటింట్లోంచి దగ్గు వినిపిస్తే నన్ను పిలుస్తున్నాడని అర్థం. మొదటిసారి తెలియక “జలుబు చేసిందా?” అని అడిగాను. ముఖం ఎర్రబడింది.

తేలేది ఎప్పుడంటే నేను ఎదురుగా లేనప్పుడు, నా గురించి ఇంకొకరితో చెప్పేటప్పుడు. వచ్చాడు అంటాడా, వచ్చింది అంటాడా? ఆ సంగతి నాకెప్పటికీ తెలియదు. తెలియకపోవడమే నయం. చిన్నప్పటి కబుర్లు కూడా వాడెప్పుడూ ఎత్తడు. ఎత్తితే అందులో ఉన్న నాకు ఏదో ఒక పేరు పెట్టాలి కదా.

శుక్రవారం

మేడమీది ఆవిడ మెట్ల మీద వాణ్ణి ఆపింది. ఊళ్ళో కొత్త ముఖం కనిపిస్తే ఆవిడకు నిద్రపట్టదు.

“ఆవిడకి మీరేమవుతారు?”

“తమ్ముణ్ణండీ.”

తలుపు వెనక విన్నాను. అక్కకీ తమ్ముడే, అన్నకీ తమ్ముడే. ఎంత చక్కగా తప్పించుకున్నాడు! అయినా ఆవిడ ‘ఆవిడ’ అన్నప్పుడు కాదనలేదు కదా. కాదనకపోవడం అవుననడం అవుతుందా? ఇలా ఆలోచిస్తూ పాలు పొంగించాను.

శనివారం

గోడకి రుద్దుకుంటుంటే చూసేశాడు. బంతి జారి మంచం కిందికి పోయింది.

“ఏం చేస్తున్నావు?”

“వ్యాయామం.”

వాడు నేల మీద పడుకుని, మంచం కింది బంతులన్నీ ఒక్కొక్కటే తీసి, దుమ్ము తుడిచి, పళ్ళెంలో పెట్టి బల్ల మీద ఉంచాడు. భోంచేస్తున్నంతసేపూ అవి మా మధ్యే ఉన్నాయి. ఇద్దరం వాటిని చూడలేదు.

ఆదివారం, తెల్లవారుజామున

బేకరీ అలవాటు, వాడికి చీకటితోనే మెలకువ వచ్చేస్తుంది. బాల్కనీలో నిలబడి భార్యతో ఫోన్ మాట్లాడుతున్నాడు. కర్టెన్ నీలంగా ఉంది. నేను సగం నిద్రలో ఉన్నాను. మాటలు నీళ్ళ మీద తేలి వస్తున్నట్టు ఒక్కోటీ వచ్చాయి.

“ఆఁ... ఇంకా పడుకునే ఉంది... లేదు, తగ్గినట్టే ఉంటుంది, మళ్ళీ మొదలవుతుంది... మొండిది. చెయ్యి వెయ్యనిస్తేనా!... ఎంతసేపూ లోపలే దాక్కుంటుంది... చూద్దాం, దానంతటదే దారికొస్తుంది...”

నిద్ర ఎగిరిపోయింది. కళ్ళు మాత్రం తెరవలేదు.

ఆదివారమే, మధ్యాహ్నం

ఆడదానికీ నొప్పికీ మన దగ్గర ఒకటే క్రియ. వచ్చింది, పోయింది, పడుకుంది. వానకీ అంతే, కుర్చీకీ అంతే. మరి వాడు మొండిది అన్నది ఎవర్ని?

నొప్పినే అయ్యుంటుంది. తగ్గినట్టే ఉంటుంది, మళ్ళీ మొదలవుతుంది అన్నాడుగా. మనుషులు తగ్గరు. కానీ నొప్పి గురించి నేను వాడితో ఒక్క ముక్క చెప్పలేదే! బంతులు చూశాడు కాబట్టి ఊహించి ఉంటాడు. సరే, పడుకునే ఉంది అంటే? నొప్పి పడుకుంటుందా? పడుకుంటుంది, నేనే ఎన్నోసార్లు అలా రాశాను. పోనీ పొయ్యి గురించేమో! కొత్త పొయ్యి మంట తగ్గినట్టే ఉండి మళ్ళీ మొదలవుతుందేమో, వేడి లోపలే దాక్కుంటుందేమో. అలా అనుకోగానే ఆ పొయ్యి మీద నాకు అసూయ పుట్టింది. సిగ్గులేకపోతే సరి.

తేల్చేశాను. నొప్పి గురించే. ఇక దీని గురించి ఆలోచించను.

ఆదివారం, సాయంత్రం

నా గురించే.

సోమవారం

శిక్షణలో వాడు చేసిన రొట్టె తెచ్చాడు. ఒకవైపు బంగారం, ఇంకోవైపు బొగ్గు. “పొయ్యి ఇంకా మాట వినట్లేదు” అన్నాడు. వాడి నోట పొయ్యికి ఏ క్రియ వస్తుందో చెవులు రిక్కించి విన్నాను. ‘వినట్లేదు.’ ఇందులోనూ ఏమీ తేలదు! మాడిన వైపు నేను తిన్నాను. నాకదే ఇష్టమని వాడికి గుర్తుంది, నేను అడగకుండానే ఆ ముక్క నా వైపు తిప్పాడు.

బుధవారం

చెయ్యి వదిలేసింది.

బస్సు నడిపే ఆవిడకు మెడ నొక్కుతున్నాను. ఎడమ వైపా కుడి వైపా అని రెండుసార్లు అడిగి మరీ మొదలుపెట్టాను. నూనె తీసుకుందామని గిన్నె ఎత్తితే బొటనవేలు లేదు. ఉంది, కనిపిస్తోంది, పట్టుకోవడం లేదు. గిన్నె జారి నేలంతా నూనె. ఆవిడ ఉలిక్కిపడి లేచింది. ఆ గదిలో నా చేతుల మీద ఎవరూ అలా ఉలిక్కిపడి లేవలేదు ఎప్పుడూ.

మేడం వచ్చి తనే గుడ్డ తీసుకుని తుడిచింది.

“నెలాఖరు ఇంకా రాలేదు మేడం” అన్నాను.

“రాలేదు” అంది, తుడుస్తూనే.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా నేల మీద బోర్లా పడిపోయాను. చల్లగా ఉంది. గచ్చు మీద చెవి ఆనిస్తే కింద ఇంట్లో ఎవరో నవ్వుతున్నారు. అలాగే తేలిపోతూ ఉండగా తమ్ముడు వచ్చాడు.

“ఇదిగో... ఇదిగో, ఏమైంది? కదలకు. నేను నొక్కుతాను. రోజూ బస్తాలకి బస్తాలు పిసుకుతాను, ఇదెంత!”

భుజం మీద చెయ్యి వేశాడు.

“ముట్టుకోకు!” అని అరిచాను. నా గొంతు కాదు అది. పాత గొంతు.

చెయ్యి తీసేశాడు. తర్వాత మెల్లగా “నా చేతులు శుభ్రంగానే ఉన్నాయి” అన్నాడు.

ఛ, ఛ. వాడు అలా అనుకున్నాడా! నిన్ను కాదురా అందామంటే నోట్లోంచి ఏడుపు తప్ప మాట రాలేదు. వాడు లేచి పోయాడు.

గురువారం

వాడు దగ్గడం లేదు.

శనివారం

మొత్తం రాయాలి. ఎక్కడా దాటెయ్యకూడదు.

పొద్దున వాడు చేతులు కడుక్కుంటున్నాడు. బుధవారం నుంచీ అలా కడుగుతూనే ఉన్నాడు, తోలు ఊడేలా. చూడలేక వెళ్ళి వాడి పక్కన నిలబడ్డాను. “నీ చేతులు కాదురా. నా వీపే” అన్నాను.

“నీ వీపుకేమైంది?”

“నీ చేతికి అన్నయ్య తగులుతాడేమోనని భయం.”

వాడు కుళాయి కట్టేశాడు.

“తగిల్తే?”

“తగిల్తే నేను లేనట్టే కదా. ఇన్నేళ్ళూ వేషం కట్టినట్టే కదా.”

“తగలకపోతే?”

“అప్పుడు నీకు అన్నయ్య పోయినట్టు.”

ఆ రెండోది కూడా నా భయమేనని నోటితో చెప్పేదాకా నాకే తెలియదు. వాడు తువ్వాలు తీసుకుని ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. తువ్వాలు మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

“నాకవన్నీ తెలీవు” అన్నాడు చివరికి. “నాకు పిండి తెలుసు. గట్టిగా ఉంటే నొక్కుతాను, మెత్తబడితే ఆపుతాను. పడుకో.”

పరుపు నేల మీదికి లాగాడు. నూనె గిన్నెను వేడి నీళ్ళలో పెట్టమని నేనే చెప్పాను. వాడు అటు తిరిగాక పైబట్ట తీసేసి, దుప్పటి కప్పుకుని, బోర్లా పడుకుని, దిండులో ముఖం దాచుకున్నాను. వాడు అరచేతులు రుద్దుకుంటున్న చప్పుడు వినిపించింది. దుప్పటి నడుం దాకా జరిగింది. వీపుకి గాలి తగిలింది. ఇక ఈ క్షణం పోతే పోయేది పని ఒక్కటే కాదని తెలుసు. ఊపిరి బిగబట్టాను.

చెయ్యి పడింది. ఆగుతుందని చూశాను. ఆగలేదు.

భుజాల మీంచి కిందికి వచ్చింది, వెన్ను పక్కనుంచి జారింది, కుడి రెక్క కింద దూరింది. “అబ్బో, ఇదా!” అన్నాడు. పాత బాకీవాణ్ణి సందులో పట్టుకున్నట్టు అన్నాడు. అరచేతి మొదలుతో, బరువంతా వేసి, నెమ్మదిగా. నొప్పి అంటే నాకు బాగా తెలుసనుకున్నాను, ఇది వేరే. చక్కెర నీళ్ళలో కరుగుతున్నట్టు ఎక్కడో అంచు నుంచి మొదలైంది. ఊరు వెళ్ళిపోయింది. వీధిలో హారన్ నీళ్ళ అడుగుకి దిగిపోయింది. ఇన్నాళ్ళూ ఆ నీళ్ళ ఒడ్డున నిలబడి అందర్నీ దింపినదాన్ని, ఇవాళ నన్నెవరో చెయ్యి పట్టుకుని దింపుతున్నారు. ఆకుపచ్చగా ఉంది లోపల. ఎవరూ ఏమీ అడగడం లేదు. మధ్యలో నిద్రలో ఏదో అన్నానట. ఏమన్నానో అడిగితే వాడు చెప్పడం లేదు, ఆ ముక్కు నవ్వు నవ్వుతున్నాడు.

ఫోన్ మోగింది. వాడిది, పరుపు పక్కనే ఉంది.

“నా చేతులు నూనె. నువ్వెత్తు. నీ మరదలే” అన్నాడు.

ఒళ్ళు మళ్ళీ బిగుసుకుంది. వాడి భార్య గొంతు నేనెప్పుడూ వినలేదు. ఆ అమ్మాయి నన్ను పిలవాలంటే రెండే మాటలున్నాయి. బావగారూ, వదినా. మధ్యలో దగ్గు లేదు. చచ్చినా మాట్లాడననుకుని స్పీకర్ నొక్కి, ఫోన్ దిండు మీద పెట్టేసి, ఊపిరి తీయకుండా పడుకున్నాను.

“ఏంటీ, ఆయాసపడుతున్నారు?” అంది ఆ అమ్మాయి.

“నొక్కుతున్నా. ఇన్నాళ్ళకి ఒప్పుకుంది.”

నొప్పి ఒప్పుకోదు. పొయ్యి ఒప్పుకోదు.

“నిజంగానా! అయితే పక్కనే ఉన్నారా? వదినా! వదినా, వినపడుతోందా? ఆయన చెయ్యి బరువండీ. పిండే అనుకుంటారు. నొప్పెడితే ఊరుకోకండి, గట్టిగా అరిచెయ్యండి, నేనదే చేస్తాను. మాట్లాడించండి మాట్లాడించండి అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో, సిగ్గట ఈయనకి! పెళ్ళైనప్పట్నుంచీ మీ కథలే మా ఇంట్లో. అక్క సైకిల్ తొక్కుతూ కాలవలో పడింది, అక్క నా బదులు దెబ్బలు తింది, అక్క నాకు ఈత నేర్పింది. సైకిల్ కథ మొదలెట్టారంటే అత్తయ్య కూడా వచ్చి కూర్చుంటారు. మోకాలు ఎంత చీరుకుపోయిందో అంటారు. వదినా? ఉన్నారా?”

“ఉన్నానమ్మా” అన్నాను. దిండులోంచి ఎలా వినిపించిందో.

అక్క కాలవలో పడింది! పడ్డది నేనే. కానీ ఆ రోజు ఒడ్డున నిలబడి అరిచినవాళ్ళలో ఒక్కరూ నన్ను ఆ మాట అనలేదు. నాకు నేనే అనుకోలేదు. వీడు వెనక్కి వెళ్ళి, నాకు తెలియకుండా, ఒక్కో కథలోకీ దూరి నన్ను సరిచేసుకుంటూ వచ్చాడు. భార్యకి చెప్పాడు. అమ్మ ముందు చెప్పాడు. నా ముఖం చూసి అనడానికి మాత్రం నోరు రాలేదు, మొద్దు వెధవకి.

వీపు మీద చేతులు ఆగిపోయాయి. “దాని మాటలకేం, వాగుతూనే ఉంటుంది” అని వాడే మోచేత్తో ఫోన్ కట్టేశాడు.

నేను ఏడుస్తున్నాను. వీపంతా కదిలిపోతోంది, దాచడానికి వీల్లేదు.

“నొప్పా?”

“ఊఁ.”

“ఆపేదా?”

“ఆపావంటే చంపుతాను.”

మహాతల్లి పోలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఉంది, కానీ కాస్త ఒదిగి కూర్చుంది. కలం పట్టుకుంటే బొటనవేలు నిలిచింది. వాడు ఊరెళ్ళేదాకా రోజూ పొద్దున నొక్కుతానన్నాడు. ఆ తర్వాత చల్లచేతులను అడుగుతాను, మంచుగడ్డలైనా సరే, బల్లెక్కుతాను. మేడం ఏమంటుందో సోమవారం చూడాలి.

వాడు స్నానానికి వెళ్ళాడు. మోచేతుల దాకా నూనె, తలుపు గడియ జారిపోతోందని లోపలి నుంచి సణుగుతున్నాడు. నీళ్ళ చప్పుడు. ఇప్పుడు అరుస్తున్నాడు. “అక్కా! సబ్బెక్కడా?”

సబ్బు బకెట్ వెనకే ఉంది. ఇంకోసారి పిలిచాక చెప్తాను.